కనిపించే పాఠం – నడిచే పాఠం: దృశ్య ధ్వని ప్రోగ్రామింగ్‌లో స్వీయపరివర్తన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

పెట్టెలు గీసి, వాటిని తీగలతో కలిపి ధ్వనిని రూపొందించే ప్రోగ్రామింగ్ భాషల్లో తెరమీది చిత్రమే ప్రోగ్రాము. చూసినదే నడుస్తుందన్న నమ్మకమే ఈ భాషలకు సంగీతకారుల్లో, విద్యార్థుల్లో ఆదరణ తెచ్చింది. నడుస్తున్న ప్రోగ్రాము తన చిత్రాన్ని తానే తిరగరాసుకొనే వెసులుబాటు కూడా ఈ భాషల్లోనే ఉంది. మిల్లర్ పకెట్ రూపొందించిన ‘ప్యూర్ డేటా’ భాషను ప్రధాన ఆధారంగా తీసుకొని, ఈ స్వీయపరివర్తన వల్ల తలెత్తే చిక్కులను పాఠవిమర్శ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సాంకేతిక లోపాలుగా విడివిడిగా కనిపించే ఈ చిక్కులన్నింటికీ మూలం ఒక్కటేననీ, చదివే పాఠానికీ నడిచే పాఠానికీ మధ్య ఏర్పడే దూరమే ఆ మూలమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దృశ్య ప్రోగ్రామింగ్, ప్యూర్ డేటా, మాక్స్, స్వీయపరివర్తన, పాఠవిమర్శ, ఎలక్ట్రానిక్ సంగీతం.

1. ఉపోద్ఘాతం

కంప్యూటర్ ప్రోగ్రామును ఒక పాఠంగా చదవడం సాహిత్యవిమర్శకు కొత్త కావచ్చు కానీ పరాయిది కాదు. ప్రోగ్రాముకు రచయిత ఉంటాడు, చదువరి ఉంటాడు, ప్రతులు ఉంటాయి, పాఠాంతరాలు ఉంటాయి. యంత్రం దాన్ని అమలు చేస్తుంది. మనిషి దాన్ని చదివి అర్థం చేసుకొని, సవరించి, మరొకరికి అందిస్తాడు. ఈ రెండో ప్రయోజనం నెరవేరని ప్రోగ్రాము ఎంత చక్కగా నడిచినా రచనగా ఆయుర్దాయం తక్కువ.

సంగీతం కోసం పుట్టిన దృశ్య ప్రోగ్రామింగ్ భాషలు ఈ విషయాన్ని చర్చించడానికి మంచి ఆధారాలు. మిల్లర్ పకెట్ 1980ల మధ్యభాగంలో పారిస్‌లోని ఇర్కాం సంస్థలో ‘మాక్స్’ అనే భాషకు రూపమిచ్చాడు. 1957లో బెల్ ప్రయోగశాలలో కంప్యూటర్‌తో సంగీతధ్వనిని పుట్టించిన మాక్స్ మాథ్యూస్ పేరే దానికి పెట్టాడు. ఫిలిప్ మనూరి 1988లో పియానోకూ ఎలక్ట్రానిక్ ధ్వనికీ కలిపి కూర్చిన ‘ప్లూటాన్’ ఈ భాష తొలినాటి వినియోగాల్లో ప్రసిద్ధమైనది. ఆ తరవాత డేవిడ్ జికరెల్లి చేతిలో మాక్స్ వాణిజ్యరూపం పొందింది. పకెట్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియేగోలో పనిచేస్తూ 1996లో ‘ప్యూర్ డేటా’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును విడుదల చేశాడు. ఈ రెండు భాషల్లోనూ ప్రోగ్రామును ‘ప్యాచ్’ అంటారు.

ప్యాచ్ నడుస్తూ ఉండగానే కొత్త పెట్టెలను పుట్టించడం, తీగలు కలపడం, ఉన్నవాటిని చెరపడం వంటి పనులను మనిషి చేతితో కాక ప్యాచ్‌లోని మరొక భాగమే చేస్తే దాన్ని ఈ వ్యాసం ‘స్వీయపరివర్తన’ అని వ్యవహరిస్తుంది. ప్యూర్ డేటా వాడేవారు దీన్ని ‘డైనమిక్ ప్యాచింగ్’ అంటారు.

2. తెర చేసిన వాగ్దానం

మాక్స్ పుట్టి పదిహేడేళ్ళు గడిచిన సందర్భంలో, 2002లో రాసిన వ్యాసంలో పకెట్ తన రూపకల్పన వెనకున్న ఆలోచనలను వివరించాడు. భాష తెరవగానే సంగీతకారుడి ఎదుట ఖాళీ కాగితం ఉండాలని, ఏ ఒక్క సంగీతపద్ధతినీ భాష ముందే అతని మీద రుద్దకూడదని ఆయన భావన. ఈ కాగితం ఉపమానాన్ని విమర్శకుడు గట్టిగా పట్టుకోవలసి ఉంది. కాగితం మీద గీసినది గీసినట్టే ఉంటుంది. గీసినవాడు లేచి వెళ్ళినా చదివేవాడికి అదే కనిపిస్తుంది.

ప్యూర్ డేటా ప్యాచ్‌లో పెట్టెలకు పైన ఇన్‌లెట్లు, కింద అవుట్‌లెట్లు ఉంటాయి. పేరు చివర అలగుర్తు (~) ఉన్న పెట్టెలు ధ్వనిసంకేతంతో పనిచేస్తాయి. ఉదాహరణకు ‘ఆస్క్~ 220’ అనే పెట్టె సెకనుకు 220 కంపనాల స్వరాన్ని పుట్టిస్తుంది. దాని కింద ‘*~ 0.1’ అనే పెట్టె కలిపితే ఆ స్వరం స్థాయి పదో వంతుకు తగ్గుతుంది. ఆ తీగను ‘డాక్~’ పెట్టెకు చేరిస్తే స్పీకర్లో వినిపిస్తుంది. పైనుంచి కిందికి చదివితే ధ్వని నడిచే దారి కంటికి తెలుస్తుంది.

ఈ వాగ్దానం మొదటినుంచీ సంపూర్ణం కాదన్నది నిజమే. ఒకే అవుట్‌లెట్ నుంచి రెండు సందేశతీగలు బయలుదేరితే ఏది ముందు పనిచేస్తుందన్నది బొమ్మలో కనిపించదు. వాటిని ఏ క్రమంలో కలిపారన్న దాని మీద అది ఆధారపడుతుంది. అందుకే ‘ట్రిగర్’ అనే పెట్టె వాడి, కుడినుంచి ఎడమకు అన్న క్రమాన్ని బాహాటంగా రాయమని బోధకులు చెబుతారు. థామస్ గ్రీన్, మరియన్ పెట్రీలు 1996లో దృశ్య ప్రోగ్రామింగ్ భాషలను అంచనా వేస్తూ చూపిన ప్రమాణాల్లో ‘దాగిన ఆధారాలు’ ఒకటి. ఒక భాగం మరొక దాని మీద ఆధారపడి ఉండీ ఆ సంగతి పాఠంలో కనిపించకపోవడం దాని అర్థం. ట్రిగర్ పెట్టె అటువంటి దాగిన ఆధారాన్ని వెలికి తెచ్చే సాధనం. స్వీయపరివర్తన దీనికి ఎదురుదిశలో నడుస్తుంది: కనిపిస్తున్న ఆధారాలను కూడా అది లోపలికి దాస్తుంది.

3. ప్యాచ్ తనను తాను రాసుకొనే తీరు

ప్యూర్ డేటా ఫైలు మామూలు అక్షరపాఠం. పెట్టెకొక పంక్తి, తీగకొక పంక్తి చొప్పున అందులో నమోదవుతాయి. పెట్టె పంక్తిలో తెరమీది స్థానం, పెట్టె పేరు ఉంటాయి. తీగ పంక్తిలో నాలుగు సంఖ్యలు ఉంటాయి: బయలుదేరే పెట్టె సంఖ్య, దాని అవుట్‌లెట్, చేరే పెట్టె సంఖ్య, దాని ఇన్‌లెట్. పెట్టెలకు ఈ సంఖ్యలు పుట్టిన క్రమంలో సున్నానుంచి లభిస్తాయి.

ఫైలును తెరిచేటప్పుడు జరిగేది ఈ పంక్తులను సందేశాలుగా ఒక్కొక్కటే అమలు చేయడమే. అవే సందేశాలను ప్యాచ్ లోపలినుంచి కూడా పంపవచ్చు. ‘వాయిసెస్’ అనే ఉపప్యాచ్ ఉంటే ‘పీడీ-వాయిసెస్’ అనే చిరునామాకు ‘ఆబ్జ్ 50 60 ఆస్క్~ 220’ అని పంపితే అక్కడ పెట్టె పుడుతుంది. ‘కనెక్ట్ 1 0 2 0’ అంటే 1వ పెట్టెనుంచి 2వ పెట్టెకు తీగ పడుతుంది. ‘క్లియర్’ అంటే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. రాతకూ నడకకూ ఒకే భాష ఉండడం రూపకల్పనలో పొదుపైన అందం. అయితే ఫైలు తెరిచేటప్పుడు పాఠమంతా ముందే నిశ్చయమై ఉంటుంది. సంఖ్యలు తప్పే అవకాశం లేదు. నడిచే ప్యాచ్‌కు ఆ నిశ్చయం లేదు. చిక్కులన్నీ ఇక్కడ మొదలవుతాయి.

4. చిక్కుల స్వరూపం

4.1. వ్యాఖ్య మూలాన్ని మార్చడం

ఎనిమిది స్వరాలను పుట్టించే ఒక చిన్న ప్యాచ్‌ను ఊహించుకోవచ్చు. ఉపప్యాచ్‌లో చేత్తో పెట్టిన ‘డాక్~’ ఒక్కటే ఉంది. దాని సంఖ్య 0. బయటనున్న జనకభాగం ఒక్కో స్వరానికి ఒక ‘ఆస్క్~’, ఒక ‘*~ 0.1’ పుట్టిస్తుంది. మొదటి స్వరం పెట్టెలు 1, 2. రెండో స్వరం పెట్టెలు 3, 4. ఎనిమిదో స్వరం పెట్టెలు 15, 16. ప్రతి స్వరానికీ రెండు తీగలు: ‘ఆస్క్~’నుంచి గుణకానికి ఒకటి, గుణకంనుంచి 0వ పెట్టెకు ఒకటి. మొత్తం తీగలు 16. ఎనిమిది స్వరాలూ పదో వంతు స్థాయిలో కలిస్తే అత్యధిక విలువ 0.8, సౌండ్‌కార్డు పరిమితి అయిన 1కి లోపలే ఉంటుంది.

ఇప్పుడు ఎవరో చదువరి సౌకర్యం కోసం ‘డాక్~’ పక్కన ‘ధ్వని ఇక్కడినుంచి బయటికి పోతుంది’ అని ఒక వ్యాఖ్య రాసి ఫైలును భద్రపరచారనుకుందాం. ప్యూర్ డేటాలో వ్యాఖ్యకు కూడా వరుససంఖ్య ఉంటుంది. ఆ వ్యాఖ్య 1వ సంఖ్యను తీసుకుంటుంది. మొదటి ‘ఆస్క్~’ 2 అవుతుంది, దాని గుణకం 3 అవుతుంది. జనకభాగానికి ఈ మార్పు తెలియదు. అది పాత లెక్క ప్రకారమే సందేశాలు పంపుతుంది.

‘1నుంచి 2కు’ అన్న తొలి సందేశం వ్యాఖ్యనుంచి ‘ఆస్క్~’కు తీగ వేయబోయి విఫలమవుతుంది. ‘2నుంచి 0కు’ అన్నది ‘ఆస్క్~’ను గుణకం లేకుండా నేరుగా ‘డాక్~’కు కలుపుతుంది, మొదటి స్వరం పదింతలు, అంటే 20 డెసిబెల్‌లు ఎక్కువ స్థాయిలో వెలువడుతుంది. ‘3నుంచి 4కు’ అన్నది మొదటి గుణకాన్ని రెండో ‘ఆస్క్~’ కంపనవేగాన్ని నిర్ణయించే ఇన్‌లెట్‌కు కలుపుతుంది. ఆ గుణకానికి పైనుంచి ఏదీ రావడం లేదు కనుక అది సున్నాను అందిస్తుంది. సున్నా వేగంతో ఉన్న ‘ఆస్క్~’ కదలకుండా 1 అనే విలువ దగ్గరే నిలిచిపోతుంది. ఇదే వరుసలో మిగిలిన స్వరాలన్నీ జరుగుతాయి. ఏడు స్థిరమైన 1లు, ఒక పూర్తిస్థాయి స్వరం కలిసి ‘డాక్~’కు చేరే విలువ 6కూ 8కీ మధ్య ఊగుతుంది. పరిమితి 1 కాబట్టి సౌండ్‌కార్డు దాన్ని పైకొస దగ్గర కత్తిరిస్తుంది. ఇటువంటి స్థిరవిలువను చాలా సౌండ్‌కార్డులు బయటికి పోనివ్వవు కనుక వినేవారికి ఒక పెద్ద చప్పుడు, ఆపై నిశ్శబ్దం మిగులుతాయి. పరీక్ష కోసం ఒక్క స్వరంతో నడిపితే, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవారి చెవికి పదింతల ధ్వని తగులుతుంది.

ఇందులో గమనించవలసిన అంశం తప్పుల సంఖ్య. 16 తీగల్లో విఫలమైనది ఒక్కటే. మిగిలిన 15 వ్యాకరణరీత్యా సాధువులే, అన్వయమే తప్పింది. భాష హెచ్చరించేది ఆ ఒక్క తీగ గురించే. అర్థం చెప్పడానికి రాసిన వ్యాఖ్య అర్థాన్ని మార్చే శక్తిని పొందింది. పాఠవిమర్శలో మూలానికీ వ్యాఖ్యానానికీ మధ్య ఉండే ఎల్ల ఇక్కడ పూర్తిగా చెరిగిపోయింది.

మాక్స్ భాష ఈ విషయంలో మరో దారి తీసుకుంది. అందులో ‘దిస్‌ప్యాచర్’ పెట్టెకు పంపే సందేశాలు పెట్టెలను వాటికి పెట్టిన పేర్లతో గుర్తిస్తాయి. వరుసమారినా పేరు మారదు. సంఖ్యతో గుర్తించడం కన్నా పేరుతో గుర్తించడం పాఠరక్షణకు ఎంత ముఖ్యమో ఈ భేదం తెలుపుతుంది.

4.2. ఒకే పేరుకు ఇద్దరు

పేరు ఉన్నంత మాత్రాన సమస్య తీరదు. ప్యూర్ డేటాలో ‘వాయిసెస్’ పేరుతో రెండు ఉపప్యాచ్‌లు తెరిచి ఉంటే, ఆ చిరునామాకు పంపిన సందేశం రెండింటికీ చేరుతుంది. ఒక ప్యాచ్‌ను నకలు చేసి పక్కన పెట్టుకోవడం ఈ భాషలో నిత్యకృత్యం. అలా చేసిన క్షణంనుంచి ఒక జనకభాగం రెండు చోట్ల రాస్తుంది. ఒక ‘క్లియర్’ రెండు చోట్ల చెరుపుతుంది. ప్రతి ప్యాచ్‌కూ విడిగా లభించే సంఖ్యను సూచించే ‘డాలర్-సున్నా’ గుర్తును పేరుకు ముందు చేర్చడం దీనికి విరుగుడు. అయితే సందేశపెట్టెలో రాసిన డాలర్-సున్నా ఆ సంఖ్యగా మారదు. దాన్ని వేరే పెట్టెనుంచి తెచ్చి అందించాలి. ఒకే గుర్తుకు రెండు పెట్టెల్లో రెండు అర్థాలు ఉండడం అభ్యాసకులను ఎక్కువగా తికమకపెట్టే విషయం.

4.3. కూర్చున్న కొమ్మను నరకడం

ప్యూర్ డేటాలో సందేశం ఒక పెట్టెనుంచి మరొక పెట్టెకు లోతుగా ప్రయాణించి, చివరిదాకా వెళ్ళిన తరవాతే వెనక్కి వస్తుంది. ఆ దారిలోని పెట్టెలన్నీ అది తిరిగి వచ్చేదాకా పనిలోనే ఉన్నట్టు లెక్క. ‘క్లియర్’ సందేశాన్ని పంపిన పెట్టె తాను చెరపబోయే ఉపప్యాచ్‌లోనే ఉంటే, సందేశం తిరిగి వచ్చేసరికి ఆ పెట్టె ఉండదు. లేని పెట్టెలోకి తిరిగి రావడమంటే ప్రోగ్రాము మొత్తం కుప్పకూలడమే.

‘డిలే 0’ వంటి పెట్టెతో ఆ సందేశాన్ని వాయిదా వేస్తే మొదటి దారి ముగిశాక చెరిపివేత జరుగుతుంది. ఆ ‘డిలే’ పెట్టె కూడా చెరిగిపోయే చోటే ఉంటే ప్రమాదం మళ్ళీ అదే. కాబట్టి రాసే చేయి ఎప్పుడూ రాతకు బయటే ఉండాలన్నది ఇక్కడి సూత్రం. జనకభాగాన్నీ జన్యభాగాన్నీ వేరు చేయడం శైలి విషయంగా పైకి కనిపించినా, నిజానికి అది ప్రోగ్రాము బతికి ఉండడానికి సంబంధించిన నియమం.

4.4. కాలం ఆగడం

ధ్వని ప్రోగ్రాముకు ఇతర ప్రోగ్రాములకు లేని ఒక గడువు ఉంది. ప్యూర్ డేటా ధ్వనిని 64 నమూనాల ముక్కలుగా లెక్కిస్తుంది. సెకనుకు 44,100 నమూనాల వేగంలో ఒక ముక్క నిడివి సుమారు 1.45 మిల్లీసెకన్లు. ధ్వని లెక్కింపు, సందేశాల పని ఒకే వరుసలో, ఒకదాని తరవాత ఒకటి జరుగుతాయి. ధ్వనిపెట్టెలను ఏ క్రమంలో లెక్కించాలన్నది ముందే పేర్చి ఉంచుకుంటుంది. కొత్త ధ్వనిపెట్టె పుట్టినా, ధ్వనితీగ కలిసినా ఆ పేర్పును తిరిగి కట్టాలి. ఫైలుగా ఉన్న ఉపకరణాన్ని పుట్టిస్తే డిస్కునుంచి దాన్ని చదవడం కూడా ఈ వరుసలోనే జరగాలి.

ప్యాచ్ లోపలి గడియారం దృష్టిలో ఇదంతా ఒకే క్షణం. బయటి గడియారం మాత్రం ఆగదు. ముందు జాగ్రత్తగా నిలువచేసిన ధ్వని అయిపోయేలోపు పని ముగియకపోతే శబ్దం తెగుతుంది. చిన్న ప్యాచ్‌లో ఇది తెలియదు. ప్యాచ్ పెరిగేకొద్దీ తెలుస్తుంది. ఇంట్లో సాధన చేసినప్పుడు రాని అంతరాయం, అన్ని భాగాలూ కలిసి నడిచే కచేరీలో రావడానికి కారణమిదే. చూసే కంటికి ఒక పెట్టె చేరింది. వినే చెవికి సంగీతం తెగింది. మార్పు వెల ఎంతో చిత్రంలో ఎక్కడా రాసి ఉండదు.

4.5. భద్రపరచిన రెండో పాఠం

ప్యాచ్ తెరిచినప్పుడు ‘లోడ్‌బ్యాంగ్’ పెట్టె ద్వారా జనకభాగం పనిచేసి పెట్టెలను పుట్టిస్తుందనుకుందాం. రచయిత ఏదో సవరణ చేసి ప్యాచ్‌ను భద్రపరుస్తాడు. పుట్టిన పెట్టెలు కూడా ఫైలులోకి చేరతాయి. మరునాడు తెరిచేసరికి నిన్నటి పెట్టెలు ఉండగానే కొత్తవి పుడతాయి. 4.1లోని ఉదాహరణలో అయితే కొత్తగా పుట్టిన 16 పెట్టెలు తీగల్లేకుండా మిగిలిపోతాయి. తీగ సందేశాలు పాత పెట్టెలవైపే వెళ్తాయి. ఉన్న పెట్టెలను లెక్కించి సంఖ్యలు సవరించుకొనే జాగ్రత్త తీసుకుంటే మరో ఫలితం: రెండు సమానమైన ధ్వనులు కలిసి స్థాయి రెండింతలవుతుంది, అంటే సుమారు 6 డెసిబెల్‌లు పెరుగుతుంది.

ప్రారంభక్రియల విషయమూ ఇటువంటిదే. నడుస్తుండగా పుట్టించిన ఉపకరణంలోని ‘లోడ్‌బ్యాంగ్’ తనంత తాను మోగదు; ఉపప్యాచ్‌కు విడిగా ఆ సందేశం పంపాలి. పంపితే కొత్త ఉపకరణంతోపాటు అక్కడ ముందే ఉన్నవన్నీ మళ్ళీ మోగుతాయి. ఇరవయ్యో స్వరం పుట్టిన ప్రతిసారీ మొదటి స్వరం తన ఆరంభస్థితికి వెళ్ళిపోతుంది. పుట్టించే ముందు ‘క్లియర్’ పంపి, అన్నింటినీ సున్నానుంచి కట్టి, చివర ఒక్కసారే ప్రారంభసందేశం ఇవ్వడం ఆచరణలో మేలైన పద్ధతి.

5. పాత చర్చ, కొత్త రూపం

ప్రోగ్రాము తనను తాను మార్చుకోవడం దృశ్యభాషలతో పుట్టిన ఆలోచన కాదు. 1949లో కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ బృందం నడిపిన ‘ఎడ్సాక్’ కంప్యూటర్‌లో, ఒక జాబితాలోని సంఖ్యలను వరుసగా తీసుకోవాలంటే ప్రోగ్రాము తన ఆదేశంలోని చిరునామాను తానే మార్చుకోవాలి. వేరే దారి లేదు. అదే కాలంలో మాంచెస్టర్ విశ్వవిద్యాలయ బృందం చిరునామాకు కలపవలసిన సంఖ్యను విడిగా ఉంచే రిజిస్టరును ప్రవేశపెట్టింది. అటువంటి రిజిస్టర్లు వ్యాపించాక ఆ పనికి ఆదేశాలను తిరగరాయవలసిన అవసరం పోయింది. స్వీయపరివర్తన అక్కడ ఒక కొరతకు చేసిన సర్దుబాటు. కొరత తీరాక సర్దుబాటు పక్కకు జరిగింది.

ఎట్స్‌ఖర్ డైక్‌స్ట్రా 1968లో ‘గో టు’ ఆదేశాన్ని విమర్శిస్తూ రాసిన ప్రసిద్ధ లేఖ ఈ చర్చకు సిద్ధాంతబలం ఇస్తుంది. స్థిరంగా ఉన్న సంబంధాలను గ్రహించడంలో మనిషి బుద్ధికి ఉన్న పట్టు, కాలంలో మారే ప్రక్రియలను ఊహించడంలో లేదని ఆయన వాదం. కాబట్టి కాగితం మీది పాఠానికీ కాలంలో జరిగే ప్రక్రియకూ మధ్య దూరాన్ని వీలైనంత తగ్గించాలన్నాడు. ‘గో టు’ ఉన్న ప్రోగ్రాములో పాఠం స్థిరంగా ఉంటుంది, దారి మాత్రమే చిక్కుపడుతుంది. స్వీయపరివర్తనలో పాఠమే నిలకడగా ఉండదు. డైక్‌స్ట్రా కొలబద్దతో చూస్తే ఇది మరింత తీవ్రమైన దోషం. కంటికి కనిపించడమే ప్రాణంగా ఉన్న భాషలో ఆ తీవ్రత ఇంకా పెరుగుతుంది.

6. సమర్థన వాదాలు – పరిశీలన

స్వీయపరివర్తనను సమర్థించేవారి వాదాలను మూడుగా విభజించవచ్చు.

మొదటిది అవసరవాదం. ఎన్ని స్వరాలు కావాలో ముందే తెలియనప్పుడు వాటిని చేత్తో గీయడం కుదరదు. నూరు పెట్టెలు చేత్తో గీసి కలపడంలోనూ తప్పులు దొర్లుతాయి. ఈ వాదంలో బలముంది. అయితే ప్యూర్ డేటా 0.47 సంచికలో, 2016లో, ‘క్లోన్’ అనే పెట్టె చేరింది. ఒక ఉపకరణం పేరు, ఎన్ని ప్రతులు కావాలో సంఖ్య రాస్తే అది ఆ పని చేస్తుంది. ప్రతి ప్రతికీ సంఖ్య ఉంటుంది. తీగల లెక్కల అవసరం లేదు. మాక్స్‌లో ‘పాలీ~’ పెట్టె ఇటువంటిదే. వాడని భాగాల ధ్వని లెక్కింపును ఆపి ఉంచడానికి ‘స్విచ్~’ ఉంది. కావలసినన్ని ముందే ఉంచి, అవసరమైనవాటిని మేల్కొలపడం వల్ల కచేరీ మధ్యలో పేర్పును తిరిగి కట్టవలసిన పని ఉండదు. మాంచెస్టర్ రిజిస్టరు నాడు చేసిన పనిని నేడు ‘క్లోన్’ చేసిందని చెప్పవచ్చు.

రెండోది సృజనవాదం. సంగీతం సాగుతూ ఉండగా వాద్యమే రూపుమారాలని కోరుకొనే స్వరకర్తకు ప్రతులు సరిపోవు. తీగల అల్లిక మారాలి. ఈ కోరిక న్యాయమైనది. తీగల అల్లికలో సాధ్యమైన మార్పులు ముందే తెలిసినవైతే, అన్ని తీగలూ గీసి, ప్రతి తీగ మీదా ఒక గుణకం పెట్టి, దాన్ని 0కూ 1కీ మధ్య నెమ్మదిగా జరపడం మేలు. ధ్వని తెగదు, సాధ్యమైన వాద్యాలన్నీ ఒకే చిత్రంలో కనిపిస్తాయి. ముందే తెలియని అల్లికలను వెతకడమే కృతి లక్ష్యమైనప్పుడు మాత్రం స్వీయపరివర్తనకు సాటి లేదని అంగీకరించాలి.

మూడోది ప్రదర్శనవాదం. ఇందుకు దృశ్యభాషల వెలుపలి ఉదాహరణ ఒకటి ఉపకరిస్తుంది. ప్రేక్షకుల ఎదుట ప్రోగ్రాము రాస్తూ సంగీతం వినిపించే ‘లైవ్ కోడింగ్’ కళాకారుడు అలెక్స్ మెక్‌లీన్ తన ‘ఫీడ్‌బ్యాక్’ అనే ఎడిటరులో, నడుస్తున్న పర్ల్ భాషా ప్రోగ్రాము తన మూలపాఠాన్ని తానే దిద్దుకొనే ఏర్పాటు చేశాడు. ఆ దిద్దుబాటు కళాకారుడు చూస్తున్న ఎడిటరులోనే జరుగుతుంది. నడిచే పాఠం మారినప్పుడల్లా చదివే పాఠమూ మారుతుంది. అందువల్ల ఇది ఈ వ్యాసం ప్రతిపాదనకు విరుద్ధం కాదు, బలం చేకూర్చేదే. దోషం మార్పులో లేదు, మార్పు చదువరి కంటపడకపోవడంలో ఉంది. ప్యూర్ డేటాలో సాధారణంగా మార్పు మూసి ఉన్న ఉపప్యాచ్‌లో జరుగుతుంది. అది తెరిచి ఉంచినా, ఏ పెట్టె చేత్తో గీసినది, ఏది పుట్టినది అన్న భేదాన్ని తెర చూపదు.

7. పరిష్కర్త ముందున్న ప్రశ్న

ఎలక్ట్రానిక్ సంగీతకృతుల ఆయుస్సు వాటి యంత్రాల ఆయుస్సుతో ముడిపడి ఉంది. ఈ ప్రమాదాన్ని గుర్తించిన పకెట్, వాద్యాలకూ ఎలక్ట్రానిక్ ధ్వనికీ కలిపి కూర్చిన ప్రామాణిక కృతులను అందరికీ అందుబాటులో ఉండే ప్యూర్ డేటా ప్యాచ్‌లుగా తిరిగి నిర్మించే పనిని చేపట్టి, 2001లో వివరించాడు. ఇది ఒక రకంగా గ్రంథపరిష్కరణమే. పాత యంత్రంలో ఉన్న మూలాన్ని చదివి, అర్థం చేసుకొని, కొత్త ప్రతి తయారుచేయడం ఇందులోని పని.

స్వీయపరివర్తక ప్యాచ్ ఈ పనిని కష్టతరం చేస్తుంది. తాళపత్రప్రతిలో లేఖకుడు చేర్చిన ప్రక్షిప్తాన్ని పరిష్కర్త శైలినిబట్టో ఇతర ప్రతులనుబట్టో పసిగట్టగలడు. ఇక్కడ ప్రక్షిప్తం చేసేది ప్రోగ్రామే. దాని లిపి, మూలం లిపి ఒక్కటే. పరిష్కర్తకు లభించే ఫైలులో జనకభాగం ఒక్కటే ఉంటే, కచేరీనాడు నిజంగా నడిచిన ప్యాచ్ ఎలా ఉందో తెలియదు. పుట్టిన పెట్టెలతో సహా భద్రపరచిన ఫైలు దొరికితే, అందులో రచయిత ఉద్దేశం ఎంత, పొరపాటున మిగిలినది ఎంత అన్నది తేలదు. మార్పులు యాదృచ్ఛిక సంఖ్యలనో వాద్యకారుడి వాయిద్యాన్నో అనుసరించి జరిగి ఉంటే, ప్రతి ప్రదర్శనా ఒక పాఠాంతరమే. వాటిలో ఏదీ రాతలో మిగలదు. పెట్టెల సంఖ్యల మీద, భాష అంతర్గత సందేశాల మీద ఆధారపడిన కృతి, ఆ అంతర్గత ప్రవర్తనలో చిన్న మార్పు వచ్చినా మూగబోవచ్చు.

ఈ ప్రశ్న పెద్ద స్వరకర్తలకే పరిమితం కాదు. తరగతిలో ఒక విద్యార్థి చేసిన ప్యాచ్‌ను మరుసటి ఏడాది విద్యార్థి తెరిచి నేర్చుకోగలగాలి. మొదటి విద్యార్థి పక్కన లేకుండానే ఆ ప్యాచ్ తన సంగతి తాను చెప్పుకోగలగాలి. చెప్పుకోలేని ప్యాచ్ ఒకరి చేతిలో వాద్యంగా మోగవచ్చు కానీ మరొకరికి పాఠంగా అందదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. సంఖ్యల తారుమారు, పేర్ల కలగలుపు, స్వీయచెరిపివేత, ధ్వని తెగిపోవడం, భద్రపరచిన నకళ్ళు అన్నవి విడివిడి లోపాలుగా కనిపించినా, కనిపించే పాఠం నడిచే పాఠంనుంచి విడిపోవడమే వాటన్నింటికీ మూలం.

2. వ్యాకరణరీత్యా సరైన తీగ అన్వయరీత్యా తప్పు కావచ్చు. స్వీయపరివర్తనలో ఎక్కువ తప్పులు ఈ కోవకే చెందుతాయి కనుక భాష ఇచ్చే హెచ్చరికలు చాలవు.

3. ‘క్లోన్’, ‘పాలీ~’, ‘స్విచ్~’ వంటి సాధనాలు వచ్చాక స్వీయపరివర్తన అవసరం చాలావరకు తగ్గింది. అల్లిక మారడమే కృతికి ప్రాణమైన చోట మాత్రమే దానికి న్యాయమైన స్థానం ఉంది.

4. వాడక తప్పని చోట జనకభాగాన్ని జన్యభాగానికి బయట ఉంచడం, జన్యభాగంలో చేతిరాతకూ వ్యాఖ్యలకూ చోటు ఇవ్వకపోవడం, ప్రతిసారీ ఖాళీనుంచి కట్టడం, కచేరీ మొదలుకాకముందే నిర్మాణం ముగించడం అనే నాలుగు నియమాలు పాటించడం అవసరం.

5. అటువంటి కృతిని భద్రపరచేటప్పుడు జనకభాగం ఉన్న ఫైలును, ప్రదర్శనలో అది పుట్టించిన ప్యాచ్ నకలును, వాడిన భాష సంచిక సంఖ్యను కలిపి ఉంచాలి. ఏది చేతిరాతో, ఏది యంత్రం రాసిందో అందులో స్పష్టంగా నమోదు చేయాలి.

ఖాళీ కాగితం ఉపమానంతో మొదలైన భాషలో, కాగితం తనంత తాను రాసుకోవడం ఆకర్షణీయమైన విషయమే. ఆ రాతను మరొకరు చదవగలిగినప్పుడే అది కృతిగా నిలుస్తుంది. ప్యాచ్‌ను ఒక్కసారి మోగే యంత్రంగా కాక, తరవాతివారికి అందవలసిన పాఠంగా చూసే విమర్శ తెలుగు పరిశోధనలోనూ పెరగవలసి ఉంది.